జాగ్రత్త: ‘ఇంజిన్ ఫుల్ రీబిల్డ్’ అని అమ్ముతున్న పాత మోటో గుట్సీలు

పాత ఇటాలియన్ బండి కొని ఇంటి షెడ్డులో సొంతంగా బాగు చేసుకుందామనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. 1975 నాటి మోటో గుట్సీ 850 టీ3 ఒకదాన్ని ప్రకటన చూసి కొన్నాను. కేఫ్ రేసర్‌గా, అంటే పాత రేసు బండిలా సన్నగా కనబడేట్టు మార్చిన బండి. "ఇంజిన్ ఫుల్ రీబిల్డ్, జీరో కిలోమీటర్లు, చిన్న చిన్న ఫినిషింగ్ పనులే మిగిలాయి" అని రాశారు. అమ్మిన వ్యక్తి పేరు ఇక్కడ చెప్పను. కానీ అవే మాటలతో, కొన్ని అవే ఫోటోలతో ఇంకో గుట్సీ ఇప్పుడు అమ్మకానికి వచ్చింది. ఇది రాయడానికి కారణం అదే.

ముందు ఈ ఇంజిన్ సంగతి తెలియాలి. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 83 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 78 మి.మీ., 844 సీసీ. సిలిండర్లు అల్యూమినియంవి, లోపల ఇనుప స్లీవు (తొడుగు) ఉండదు. అల్యూమినియం గోడ మీదే గట్టి క్రోమ్ పూత వేసి వదిలారు. మామూలు బండి ఇంజిన్ బోరుకొస్తే రీబోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేసుకుంటాం. ఇక్కడ అది కుదరదు, బోరు పెంచితే పూత మొత్తం పోతుంది. బండి ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే తేమ, పాత ఆయిల్‌లోని ఆమ్లం కలిసి క్రోమ్‌లోని సన్నని పగుళ్ల గుండా దిగి అడుగున ఉన్న అల్యూమినియాన్ని తింటాయి. అప్పుడు పాత గోడ సున్నం రాలినట్టు పూత పెచ్చులుగా ఊడుతుంది.

ఊడింది ఊడినట్టు ఊరుకోదు, అదీ బాధ. క్రోమ్ చాలా గట్టి లోహం. ఆ పెచ్చులు ఆయిల్‌తో తిరిగి పంపు గేర్లను గీకుతాయి, బేరింగ్ షెల్స్‌లో గుచ్చుకుని, వాటిలో తిరిగే క్రాంకును (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసును) అరగదీస్తాయి. క్రోమ్ అయస్కాంతానికి అంటదు కాబట్టి డ్రెయిన్ ప్లగ్గు మాగ్నెట్ శుభ్రంగా ఉందన్న మాటకు విలువ లేదు. టీ3లో కనీసం సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) లోపల ఆయిల్ ఫిల్టర్ ఉంది. అంతకు ముందు వచ్చిన 850 టీలో, పాత వీ7లలో తీగ జల్లెడ ఒక్కటే. వాటిని కొనేవాళ్లు ఇంకా గట్టిగా చూసుకోవాలి. తర్వాతి రోజుల్లో కంపెనీయే క్రోమ్ మానేసి నికెల్, సిలికాన్ కార్బైడ్ పూతకు మారింది. కాబట్టి ఈ ఇంజిన్‌కు నిజమైన రీబిల్డ్ అంటే, ఆ కొత్త పూత ఉన్న సిలిండర్లు వాటి జత పిస్టన్లతో సహా వేయడం, లేదా పాత క్రోమ్ తీయించి స్పెషలిస్టు దగ్గర కొత్త పూత వేయించడం. జిలార్దోనీ కంపెనీ సిలిండర్, పిస్టన్ సెట్లు వాడేవాళ్లు చాలామంది. ఆ రెండింటిలో ఏదీ చేయకుండా రీబిల్డ్ అనకూడదు.

నేను హెడ్లు విప్పితే కనిపించింది ఇది. గాస్కెట్లు కొత్తవి, రింగులు కొత్తవి, సిలిండర్లు మాత్రం పాత క్రోమ్‌వే. ఎడమ సిలిండర్లో పై అంచుకు కాస్త కింద గోరంత మేర పూత లేచిపోయి తెల్లగా అల్యూమినియం బయటపడింది. కుడి దాంట్లో చుక్కలు చుక్కలుగా మొదలైంది. పైగా వేసిన రింగులు క్రోమ్ రింగులు. క్రోమ్ బోరులో క్రోమ్ రింగు వేయకూడదన్నది ఈ పని తెలిసిన ఎవరైనా చెప్పే మాట, రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. సంప్ దించితే అడుగున మెరిసే రజను. బేరింగ్ షెల్స్ జోలికి ఎవరూ వెళ్లినట్టే లేదు.

ఇదేమిటని అడిగితే అమ్మినాయన రుజువు అంటూ ఒక ఫోటో పంపారు. సిలిండర్ లోపల అటూ ఇటూ ఏటవాలుగా హోనింగ్ గీతలు (రాయితో గోడను రుద్దితే పడేవి) తళతళలాడుతున్నాయి. చూడగానే కడుపు మండింది. ఇనుప స్లీవు ఉన్న ఇంజిన్‌లో ఆ గీతలు మంచి పనికి గుర్తు. క్రోమ్ బోరులో అవే గీతలు ఉన్నాయంటే హోన్ రాయి పెట్టి ఉన్న పూతను కూడా గీరేశారని అర్థం. ఇప్పటి ప్రకటనలోనూ అదే ఫోటో ఉంది. అది మీకు పంపి "చూడండి, ఎంత నీట్‌గా చేశామో" అంటే బేరం అక్కడితో ఆపేయండి. గట్టిగా నిలదీశాక నాకు వచ్చిన జవాబు "యాభై ఏళ్ల బండి అలాగే ఉంటుంది". ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

కంప్రెషన్ గేజి రీడింగ్ కూడా నమ్మవద్దు. పూత ఊడటం మొదలైనా కొంతకాలం కంప్రెషన్ బాగానే చూపిస్తుంది. నాకు పంపిన రీడింగులో వంక పెట్టడానికేమీ లేదు.

ఇంజిన్ సంగతి డబ్బు నష్టం. బ్రేకుల సంగతి మాత్రం ప్రాణాల మీదికి తెచ్చేది. టీ3లో మూడు డిస్కులు. చేతి లివరు ముందున్న ఒక డిస్కునే పట్టుకుంటుంది. కాలి పెడల్ నొక్కితే ముందున్న రెండో డిస్కు, వెనక డిస్కు కలిసి పనిచేస్తాయి. బండి సన్నగా, శుభ్రంగా కనబడాలని ఆ లింకు పైపులు తీసేశారు. రెండో క్యాలిపర్‌ను (డిస్కును నొక్కి పట్టే భాగాన్ని) ముందు ఫోర్కుకు అలాగే బిగించి ఉంచారు, అందులో ఫ్లూయిడ్ చుక్క లేదు. అంటే అది ఊరికే షోకు. ప్రకటనలో "డబుల్ డిస్క్" అని ఉంది! రెండింటినీ లివరుకే కలపాలంటే మాస్టర్ సిలిండర్ సైజు కూడా మార్చుకోవాలి, పాతది ఒక్క క్యాలిపర్‌కు సరిపోయేది. చూడటానికి వెళ్తే బండిని స్టాండు మీద పెట్టించి, ఒకరు చక్రం తిప్పుతుండగా ఇంకొకరు లివరు, పెడల్ విడివిడిగా నొక్కండి. ఏ క్యాలిపర్ పట్టుకుంటుందో కంటితో చూడండి.

చాసిస్ గురించి కొంచెం. గుట్సీ ఇంజనీరు లీనో టోంటీ వీ7 స్పోర్ట్ మోడల్ కోసం గీసిన ఈ ఫ్రేములో కింది పట్టాలు బోల్టులతో విడివడతాయి, ఇంజిన్ దించడం సులువు. చాలా చక్కటి డిజైన్. దాని తోకను కోసి వంపు గొట్టం వెల్డ్ చేసి, వెల్డింగు మీద పుట్టీ పెట్టి పౌడర్ కోటింగ్ కొట్టారు. మళ్లీ ఒరిజినల్ సీటు బిగించుకోవచ్చన్నది అబద్ధం. ఆ మందపాటి కోటింగ్ కింద ఫ్రేమ్ నంబరు కూడా సరిగా కనిపించడం లేదు. కాగితాల్లోని నంబరుతో పోల్చకుండా కొనవద్దు. ఎర్త్ వైరు బిగించే చోట్లా రంగే, కరెంటు సరిగా పారదు. ఇంకొకటి, మీటర్లు మార్చి ఛార్జింగ్ లైటు చోట చిన్న ఎల్ఈడీ పెట్టారు. ఈ బండిలో ఆ బల్బు గుండా వెళ్లే కరెంటే ఆల్టర్నేటర్‌ను మేల్కొలుపుతుంది. ఎల్ఈడీకి అంత కరెంటు చాలదు, బ్యాటరీ ఛార్జి కాదు. దానికి ప్యారలల్‌గా సరైన రెసిస్టర్ వేస్తే తీరిపోతుంది కాబట్టి ఇది చిన్న సమస్యే.

అమ్మేవాళ్లను ముందుగా ఒక్కటి అడగండి: సిలిండర్లలో ఏ పూత ఉంది? జవాబు తడబడితే రీబిల్డ్ జరగలేదనుకుని, సిలిండర్ సెట్టు, బేరింగులు, క్రాంకు పని ఖర్చు తీసేసి ధర మాట్లాడండి. జరిగిందంటే కొన్న సెట్టు బిల్లు, పూత వేయించిన చోటి బిల్లు చూపించమనండి. గాస్కెట్ ప్యాకెట్ ఫోటో బిల్లు కాదు. స్పార్క్ ప్లగ్గు రంధ్రంలోంచి బోరోస్కోప్ (సన్నని గొట్టం కెమెరా) పెట్టి, పిస్టన్ కిందికి దించి, గోడ చుట్టూ వీడియో తీసి పంపమనండి. అంచుల దగ్గర ఆపి చూపించాలి. కొత్త ఇంజిన్ అని ధీమాగా చెప్పేవాళ్లకు సంప్ దించి చూపించడం పెద్ద పని కాదు. ఒప్పుకోకపోతే వదిలేయండి, ఎంత నచ్చినా సరే.

ఇప్పటికే అలాంటి ప్రకటన చూసి కొన్నవాళ్లుంటే ఇంజిన్ స్టార్ట్ చేయకండి, ఒక్కసారి కూడా. ఆయిల్ దించి మెత్తటి గుడ్డలో వడగట్టండి, ఫిల్టరు కోసి మడతలు విప్పి వెలుతురులో చూడండి. రజను కనిపిస్తే హెడ్లతో ఆగకుండా బేరింగుల దాకా విప్పాల్సిందే, క్రాంకు లోపలి ఆయిల్ దారులు కూడా కడగాలి. విప్పే ముందు ప్రతిదీ ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసుకోండి, ప్రకటన స్క్రీన్‌షాట్లు, మెసేజులు దాచండి. నా దగ్గరున్న ప్రకటన, ఆ హోనింగ్ ఫోటో పోల్చి చూసుకోవడానికి కావాలంటే అడగండి, పంపిస్తాను.