బ్రెయిట్‌హార్న్‌కి వెళ్తున్నారా? ముందు రాత్రి పైనే ఉండండి

స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దు మీద ఉన్న బ్రెయిట్‌హార్న్ ఎత్తు 4164 మీటర్లు. ఆల్ప్స్‌లో నాలుగు వేలు దాటిన శిఖరాల్లో తేలికైనదని పేరు, అందుకే మంచుకొండలెక్కడం నేర్చుకుందామనుకునే వాళ్లు చాలామంది దీనితోనే మొదలుపెడతారు. జెర్మాట్ ఊరు 1608 మీటర్ల దగ్గర ఉంటే కేబుల్ కారు తిన్నగా 3883 మీటర్ల దాకా తీసుకెళ్లిపోతుంది, ఆ తర్వాత కాళ్లతో ఎక్కేది నాలుగు వందల మీటర్లు కూడా ఉండదు.

ఇబ్బంది కూడా అక్కడే. అంత ఎత్తుకి అంత తొందరగా చేరితే ఒంటికి అలవాటు పడే టైమ్ ఉండదు. మాతో వచ్చిన ఒకావిడ పొద్దున్నే కింది నుంచి నేరుగా వచ్చింది, పై స్టేషన్‌లో మంచు మీదికి తీసుకెళ్లే సొరంగం దాటకముందే కళ్లు తిరిగి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది.

మేం ముందు రాత్రి కేబుల్ కారు దారిలో వచ్చే ట్రోకెనర్ స్టెగ్ స్టేషన్ దగ్గర్లో, 3030 మీటర్ల ఎత్తులో ఉన్న గండెగ్ హట్‌లో (కొండలెక్కేవాళ్లు రాత్రి ఉండే బస) ఉన్నాం. అందరికీ కలిపి బంకులు, పక్కవాళ్ల గురక, ఆరకుండా వేలాడే సాక్సులు, అయినా నాకు చాలా నచ్చింది, ఎందుకంటే పొద్దున తలనొప్పి లేకుండా లేచాను. ఇటలీ వైపు నుంచి వస్తే 3317 మీటర్ల దగ్గర తెయోదులో హట్ ఉంది. జెర్మాట్‌లో హోటళ్లు బాగా ఖరీదు, పైగా ఊళ్లోకి కార్లు రానివ్వరు, పక్క ఊరు టేష్‌లో ఆపేసి రైలెక్కాలి. పన్నెండు నిమిషాల ప్రయాణమే కాబట్టి డబ్బు చూసుకునే వాళ్లు టేష్‌లోనే గది తీసుకోవచ్చు. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే కేబుల్ కారు టికెట్ సగం ధరే.

సామాను అద్దెకిచ్చిన ఒక షాపులో మాకిచ్చిన క్రాంపాన్లు (మంచు మీద జారకుండా బూట్లకి తగిలించే ఇనుప ముళ్లు) బూటు మడమ దగ్గర వేలు పట్టేంత వదులుగా ఉన్నాయి, రెండుసార్లు అడిగితే గానీ మార్చలేదు. అక్కడే తొడిగి, గట్టిగా నేలకేసి తన్ని చూసుకోండి.

గైడ్ ఖర్చు మాత్రం దయచేసి మిగుల్చుకోవద్దు. మొదట వచ్చే చదునైన మంచు మైదానం కింద పగుళ్లుంటాయి, పొగమంచు కమ్మితే దారే తెలీదు. ఆపైన వాలు దాదాపు 35 డిగ్రీలు. శిఖరం అంచున గాలికి పేరుకున్న మంచు బయటికి చూరులా పొడుచుకొచ్చి ఉంటుంది, దాని మీద కాలు పెడితే కింద ఏమీ ఉండదు. మా గైడ్ మమ్మల్ని కట్టిన రోప్ పొట్టి చేసి పట్టుకుని, ఫొటోలకి కూడా అటు పోనివ్వలేదు.

పై నుంచి మాటర్‌హార్న్, లిస్కామ్, మోంటే రోజా శిఖరాలన్నీ కనిపిస్తాయి, దిగబుద్ధి కాదు. కానీ ఆఖరి కేబుల్ కారు టైమ్ పొద్దున్నే కనుక్కుని, దాన్ని బట్టే వెనక్కి తిరగండి.