ఓటేసే ముందు చూడాల్సిన యాప్: 'నో యువర్ క్యాండిడేట్' గురించి నా మాట

విజయనగరం దాసన్నపేటలో నాది లేడీస్ టైలరింగ్ షాపు. ఎన్నికల సీజన్ వస్తే చాలు, కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఎవరికి ఓటేద్దామన్న మాటే తీస్తారు. ఫలానా ఆయన మంచోడని ఒకరు, ఆయన మీద బోలెడు కేసులున్నాయని ఇంకొకరు. అన్నీ విన్న మాటలే. కాగితం చూసి మాట్లాడినవాళ్లు కనబడరు. ఆ కాగితం మన ఫోన్లోనే దొరుకుతుంది కాబట్టి ఈ రివ్యూ రాస్తున్నాను. 2024 మే 13న ఎమ్మెల్యేకి, ఎంపీకి ఓటేసే ముందు నేను ఈ యాప్ వాడాను.

'నో యువర్ క్యాండిడేట్' అంటే మీ అభ్యర్థి గురించి తెలుసుకోండి అని. ఈ యాప్ కేంద్ర ఎన్నికల సంఘానిది, ఉచితం. ఇలాంటి యాప్‌లన్నిటినీ ఈసీఐనెట్ అనే ఒక్కదాంట్లో కలిపే పని కూడా ఎన్నికల సంఘం 2025లో మొదలుపెట్టింది. రాష్ట్రం, నియోజకవర్గం ఎంచుకుంటే నామినేషన్ వేసినవాళ్ల పేర్లు, పార్టీలు వస్తాయి. ఎవరి నామినేషన్ తిరస్కరించారో, ఎవరు వెనక్కి తీసుకున్నారో తెలుస్తుంది. క్రిమినల్ కేసులు ఉన్నాయా లేదా అన్నది పేరు దగ్గరే ఉంటుంది. చాలామంది అంతవరకు చూసి ఫోన్ పక్కన పెట్టేస్తారు. అసలు విషయం ఆ తర్వాత తెరవాల్సిన అఫిడవిట్‌లో ఉంది.

దాన్ని ఫారం 26 అంటారు. అభ్యర్థి ప్రమాణం చేసి, సంతకం పెట్టి ఇచ్చేది. అభ్యర్థి గురించి తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని 2002లో సుప్రీంకోర్టు చెప్పాక ఈ వివరాలు ఇవ్వడం తప్పనిసరి అయింది. గడులు ఖాళీగా వదలకూడదని 2013లో మళ్లీ కోర్టే చెప్పింది. అబద్ధం రాసినా, ఉన్నది దాచినా ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష పడొచ్చు.

నేను ఆస్తుల మొత్తం ఎంతో ముందు చూడను. ఐదేళ్ల ఆదాయపు పన్ను లెక్క చూస్తాను. అభ్యర్థిది, భార్య లేదా భర్తది, వాళ్ల మీద ఆధారపడినవాళ్లది ఏడాదివారీగా ఉంటుంది. తర్వాత భూముల పట్టికకు వెళ్తాను. సర్వే నంబరు, విస్తీర్ణం, పెద్దల నుంచి వచ్చిందా కొన్నదా, ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఇప్పుడెంత అన్నీ అందులో రాయాలి. ఈ రెండూ కలిపి చూడండి. ఏడాదికి నాలుగైదు లక్షల ఆదాయం చూపించిన మనిషి అదే ఐదేళ్లలో ఎకరాలకు ఎకరాలు కొని ఉంటే, ఆ డబ్బు ఎక్కడిదని ఓటడగడానికి వచ్చినప్పుడు మర్యాదగానే అడగొచ్చు. ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టుల గడి కూడా వదలకండి. రోడ్డు పని చేయించాల్సినవాళ్లే ఆ పని చేసే కాంట్రాక్టరైతే నాణ్యత ఎవరు అడుగుతారు?

షాపుకొచ్చే ఒకావిడ, "ఏటప్పా, ఇవన్నీ మనకర్థమవుతాయా?" అంది. ఆమె బ్లౌజుకి హుక్కులు కుడుతూ ఒక అఫిడవిట్ తెరిచి ఫోన్ చేతికిచ్చాను. బంగారం బరువు, విలువ రాసిన వరస దగ్గర ఆగింది. తర్వాత పేజీలు జరుపుకుంటూ తనే వృత్తి అన్న గడి దాకా వెళ్లింది. అక్కడ సమాజసేవ అని ఉంది. "సమాజసేవ చేస్తే ఇంత బంగారం వస్తాదేటి?" అంది. పదో తరగతి దాటని మనిషి నిమిషాల్లో అడగాల్సిన ప్రశ్న పట్టుకుంది. అందరికీ ఇది చూపించాలని నేను పట్టుబట్టేది అందుకే. ఆ అఫిడవిట్ తెలుగులో ఉంది కాబట్టి చదవగలిగింది. ఇంగ్లిష్‌లో ఇచ్చినవీ ఉంటాయి, పైగా స్కాన్ పేజీలు, మసకగా కనబడతాయి. దీనికి నేను మార్కులు తగ్గిస్తాను.

కేసుల విషయంలో ఇంకా కోపం ఉంది. ధర్నాలో కూర్చున్న మనిషికీ, డబ్బు కాజేశాడని ఆరోపణ ఉన్న మనిషికీ యాప్ ఒకటే ముద్ర వేస్తుంది. సెక్షన్లు మనమే వెతుక్కోవాలి. పాత ఐపీసీలో, అంటే నేరాలకు శిక్షలు చెప్పే పాత చట్టంలో, 188 అంటే అధికారుల ఉత్తర్వు ధిక్కరించడం, 420 మోసం, 307 హత్యాయత్నం. 2024 జులై 1 నుంచి దాని బదులు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) అనే కొత్త చట్టం వచ్చింది, అందులో మోసం 318, హత్యాయత్నం 109. కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అన్నది కూడా అఫిడవిట్‌లో ఉంటుంది, చూడండి. కేసులున్న మనిషికే టికెట్ ఎందుకిచ్చారో, కేసులు లేనివాళ్లు ఎందుకు దొరకలేదో పార్టీలు ప్రజలకు చెప్పాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కారణం కూడా చదవండి.

పెద్ద లోటు మాత్రం ఇది. రాబోయే మున్సిపల్, పంచాయతీ ఎన్నికలకు ఈ యాప్ ఉపయోగపడదు. వాటిని జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. మా వీధి కాలవ, కుళాయి, లైటు చూడాల్సిన కార్పొరేటర్ అభ్యర్థి వివరాలు ఇందులో దొరకవు. చీపురుపల్లి దగ్గర మా కన్నవారి ఊళ్లో సర్పంచ్ ఎన్నికకైతే పార్టీ గుర్తులు కూడా ఉండవు. మనకు తెలిసినవాళ్లే కదా అనుకుంటాం. మొహం తెలుసు, వరస తెలుసు, ఆ మనిషి అప్పులూ కేసులూ మనకు తెలుసా?

స్థానిక ఎన్నికల్లోనూ అభ్యర్థి నామినేషన్‌తో పాటు కేసులు, ఆస్తులు, చదువు రాసిస్తారు. అది ఎన్నికల అధికారి ఆఫీసు నోటీసు బోర్డు దగ్గర చూడొచ్చు. ఈసారి మా వార్డువి నేను ఫొటోలు తీసి, మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక్క పార్టీవి కాకుండా అందరివీ పెడతాను. ఇంగ్లిష్‌లో ఉన్నవి తెలుగులో చెప్పడానికి పక్కింటి డిగ్రీ పాప ఒప్పుకుంది. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు ఈ యాప్‌కి ఐదులో నాలుగిస్తాను, వార్డుకి సున్నా.