జర్మనీ నెల పాసు: 63 యూరోలకు దేశమంతా తిరగొచ్చు, పదో తేదీ మాత్రం మరవకండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి పిల్లల దగ్గర రెండు మూడు నెలలు ఉండొద్దామని జర్మనీ బయల్దేరే అమ్మానాన్నలకు మొదటిరోజే చేతిలో ఉండాల్సింది డాయిచ్‌లాండ్ టికెట్. బరంపురం నుంచి పలాసకు రోజూ ఉద్యోగానికి తిరిగేవాళ్లు తీసుకునే ఎంఎస్‌టీ మనందరికీ తెలుసు. అది ఆ రెండు స్టేషన్ల మధ్యే చెల్లుతుంది. ఇదీ అలాంటి నెల పాసే, కాకపోతే దేశం మొత్తానికీ చెల్లుతుంది. టూరు బస్సులో కూర్చుంటే కోటలూ చర్చిలూ కనిపిస్తాయి. పొద్దున్న ఏడింటికి బడిపిల్లలతో, పనికెళ్లేవాళ్లతో కలిసి ట్రామ్‌లో నిలబడితేనే అక్కడి మనుషుల రోజు ఎలా గడుస్తుందో తెలుస్తుంది. అందుకే ఈ పాసుకి మా ఓటు. లోపాలు లేకపోలేదు, అవీ చెబుతాం.

2023 మే 1న మొదలైనప్పుడు ధర 49 యూరోలు. 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. యూరో వంద రూపాయలని లెక్కేసినా నెలకు ఆరువేల మూడువందలు. పెద్ద నగరాల్లో ఒక్కసారి ట్రామ్ ఎక్కితేనే సుమారు నాలుగు యూరోలు కాబట్టి, నెలలో పదహారు పదిహేడుసార్లు ఎక్కితే పాసు డబ్బు వచ్చేసినట్టే. సిటీ బస్సు, ట్రామ్, యూ-బాన్ అనే మెట్రో, ఎస్-బాన్ అనే లోకల్, ఊళ్ల మధ్య తిరిగే ఆర్‌బీ, ఆర్‌ఈ రైళ్లు అన్నీ ఇందులోకి వస్తాయి. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే ఎస్8, ఎస్9 కూడా. ఐసీఈ, ఐసీ, ఈసీ లాంటి వేగం రైళ్లు, ఫ్లిక్స్ బస్సులు రావు. మొదటి తరగతి పెట్టెలో కూర్చోకూడదు. ఆరేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, ఆరు నిండితే వాళ్లకీ విడిగా ఉండాలి.

అసలు చిక్కంతా కొనడంలోనూ, ఆపడంలోనూ ఉంది. ఇది ఒక నెలకని కొనుక్కుని వదిలేసేది కాదు, చందా. మీరు ఆపేదాకా ప్రతి నెలా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. ఏ నెలతో ఆపాలనుకుంటే ఆ నెల పదో తేదీలోపు రద్దు చేయాలి. పదకొండో తేదీ గుర్తొస్తే వచ్చే నెల 63 యూరోలు పోయినట్టే, అప్పటికి మీరు ఇంటికి తిరిగొచ్చేసి ఉన్నా సరే. చందా మొదలైన రోజే ఫోన్‌లో ఆఖరి నెల ఎనిమిదో తేదీకి అలారం పెట్టించండి. రద్దు చేశాక వచ్చే మెయిల్ దాచుకోండి.

ఇంకోటి, పాసు లెక్క క్యాలెండర్ నెలతో నడుస్తుంది, దిగిన రోజు నుంచి ముప్పై రోజులు కాదు. నెల మధ్యలో మొదలుపెట్టినా చాలా సంస్థలు పూర్తి నెల డబ్బే తీసుకుంటాయి. సందర్శకుల వీసా మీద ఎక్కువలో ఎక్కువ 90 రోజులు ఉండొచ్చు కదా, ఆ 90 రోజులు మే 20న మొదలైతే ఆగస్టు 17 వరకూ వస్తాయి. అంటే మే, జూన్, జూలై, ఆగస్టు నాలుగు పాసులు, 252 యూరోలు. అదే మే 1న దిగి జూలై 28న బయల్దేరితే మూడు పాసులు, 189 యూరోలు. విమానం టికెట్ కొనేటప్పుడే ఈ లెక్క చూసుకుంటే ఒక్కొక్కరికి 63 యూరోలు మిగులుతాయి. భార్యాభర్తలిద్దరికీ కలిపితే చిన్న మొత్తమేమీ కాదు.

డబ్బు కట్టడానికి చాలా సంస్థలు యూరప్ బ్యాంకు ఖాతానే అడుగుతాయి. కార్డు తీసుకునే యాప్‌లూ ఉన్నాయి, వెతికి చూడండి. మన కార్డు వాడాలంటే అంతర్జాతీయ లావాదేవీలు ముందే ఆన్ చేయించుకోవాలి. ఓటీపీ మన దేశం నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్ రోమింగ్‌లో బతికుండాలి. అబ్బాయో అమ్మాయో తమ ఖాతాలోంచి కట్టినా ఫర్వాలేదు గానీ టికెట్ మీద పేరు, పుట్టిన తేదీ ప్రయాణం చేసే మనిషివే ఉండాలి. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఎక్కించండి. మనవైపు ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉండటం మామూలు. తనిఖీలో అదే తంటా తెస్తుంది.

మెట్రో స్టేషన్లలో గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు. అది చూసి టికెట్ అక్కర్లేదనుకోకండి. మామూలు బట్టల్లో ఉన్న మనిషి హఠాత్తుగా లేచి గుర్తింపు కార్డు చూపించి టికెట్ అడుగుతాడు. లేకపోతే 60 యూరోల జరిమానా. పాసు ఒకరిది ఇంకొకరు వాడకూడదు, ఫోటో ఉన్న గుర్తింపు పత్రం వెంట ఉండాలి. స్క్రీన్‌షాట్ ఒప్పుకోరు, యాప్ తెరిచే చూపించాలి. ఛార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే లెక్క. పవర్ బ్యాంకు తప్పనిసరి.

రైలు వచ్చి ఆగితే తలుపులు వాటంతటవి తెరుచుకుంటాయని చూస్తూ నిలబడకండి. తలుపు మీదో పక్కనో గుండ్రటి బటన్ ఉంటుంది. దాని చుట్టూ లైటు వెలిగాక నొక్కాలి. దిగేటప్పుడూ అంతే. పెద్దవాళ్లు స్టేషన్ దాటిపోయేది ఎక్కువగా ఇక్కడే.

అంతకన్నా పెద్ద ప్రమాదం రైలు విడిపోవడం. మ్యూనిక్ నుంచి దక్షిణానికి వెళ్లే రైలునే తీసుకోండి. హోల్జ్‌కిర్హెన్ దగ్గర అది విడిపోతుంది, ఒక భాగం బైరిష్‌జెల్ వైపు పోతుంది. మిగిలినది షాఫ్ట్‌లాఖ్ దగ్గర మళ్లీ విడిపోయి ఒకటి టెగెర్న్‌జీ చెరువుకి, ఇంకోటి లెంగ్రీస్‌కి వెళ్తుంది. రైలు ఒకటే, పెట్టెలు వేరు. పెట్టె తలుపు పక్కన, లోపల తెర మీద చివరి ఊరి పేరు ఉంటుంది. మీ ఊరి పేరు కనిపిస్తేనే కూర్చోండి.

సీటు దగ్గర మన పలాస ప్యాసింజర్ పద్ధతి నడవదు. ముగ్గురి బల్ల మీద నలుగురు సర్దుకోవడం ఉండదు. ఎవరైనా పక్క సీట్లో సంచి పెట్టుకుని ఉంటే "ఇస్ట్ హియర్ నోఖ్ ఫ్రై?" అని అడగండి, ఇక్కడ ఖాళీయేనా అని అర్థం. వెంటనే సంచి తీసి ఒళ్లో పెట్టుకుంటారు. ఆ ఒక్క వాక్యం నేర్చుకుని వెళ్తే చాలా పనికొస్తుంది.

ఈ పాసు మీద బాగా గిట్టుబాటయ్యే ప్రయాణం రైన్ నది ఒడ్డున మైంజ్ నుంచి కోబ్లెంజ్ దాకా. అందులో బింగెన్ నుంచి కోబ్లెంజ్ వరకు 65 కిలోమీటర్ల లోయని 2002లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఆర్‌బీ 26 ఎక్కి కుడివైపు కిటికీ పట్టండి, బరంపురం నుంచి ఖుర్దా వెళ్లేటప్పుడు చిల్కా కోసం కుడివైపు కూర్చున్నట్టే. నది, ద్రాక్షతోటలు, కొండల మీద కోటలు వరసగా వస్తాయి. హాంబుర్గ్‌లో 62 నంబరు పడవ, బెర్లిన్‌లో 100 నంబరు బస్సు, వూపర్‌టాల్‌లో 1901 నుంచి నడుస్తున్న వేలాడే రైలు కూడా పాసు మీదే ఎక్కొచ్చు.

పనికిరానిచోట కూడా చెప్పాలి. మ్యూనిక్ నుంచి బెర్లిన్‌కి ఐసీఈలో నాలుగు గంటలు. పాసు మీద వెళ్తే తొమ్మిది గంటలు దాటుతుంది, మధ్యలో మూడు నాలుగు రైళ్లు మారాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ పని పెట్టుకోవద్దు, ఐసీఈ టికెట్ ముందుగా కొనుక్కుంటే చవకగా దొరుకుతుంది. రైలు ఆలస్యమైందని ఈ పాసుతో వేగం రైలు ఎక్కడానికి కూడా లేదు, తర్వాతి ఆర్‌బీ కోసం ఆగాల్సిందే. వారం రోజులకే వెళ్లి, నలుగురు కలిసి ఒకటి రెండు రోజులే ఊరు దాటి తిరిగేలా ఉంటే రాష్ట్రం టికెట్ మేలు. బవేరియాలో దాన్ని బయర్న్ టికెట్ అంటారు. ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా రోజంతా తిరగొచ్చు, కాకపోతే పనిదినాల్లో ఉదయం తొమ్మిది దాటాకే చెల్లుతుంది.

స్టేషన్లో మరుగుదొడ్డికి యూరో దాకా అడుగుతారు, ఆర్‌ఈ రైలులో ఉచితం. ఎస్-బాన్‌లో చాలావాటిలో ఉండదు. రైలు దిగేముందే ఆ పని కానిచ్చుకోండి.

నీళ్ల సీసా సంగతి ఒకటి. మనదగ్గర సీసా మీద తాగాక నలిపేయమని రాసుంటుంది, ఆ అలవాటు అక్కడ మానుకోవాలి. ప్లాస్టిక్ సీసా కొన్నప్పుడే ధర మీద 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు, ఖాళీ సీసా తిరిగిస్తే ఇచ్చేస్తారు. సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర గోడలో గుండ్రటి కన్నం ఉన్న యంత్రం ఉంటుంది. సీసా పెట్టగానే అది గిర్రున తిప్పి చీటీ మీది గీతల్ని చదువుతుంది. నలిగినా, చీటీ చిరిగినా బయటికి తోసేస్తుంది. అన్నీ వేశాక బటన్ నొక్కితే రసీదు వస్తుంది, దాన్ని బిల్లు కట్టేచోట ఇస్తే సరుకుల్లోంచి తగ్గిస్తారు. ఆదివారం పెద్ద స్టేషన్లలోవి తప్ప కొట్లన్నీ మూసేస్తారు. పాలు, బియ్యంతో పాటు సీసాల పనీ శనివారమే ముగించుకుంటే ఆదివారం పాసు తీసుకుని ఊరు తిరగొచ్చు.