ఎస్టేట్ పన్ను: రాష్ట్రం మారడం మేలా, ట్రస్టు రాసుకోవడం మేలా?

మసాచుసెట్స్‌లోని ఆష్‌లాండ్ లక్ష్మీ ఆలయంలో కలిసే తెలుగువారిలో పదవీ విరమణకు దగ్గరపడినవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: మసాచుసెట్స్ ఎస్టేట్ పన్ను (మరణించినవారు వదిలిన ఆస్తి మీద రాష్ట్రం వేసే పన్ను) పిల్లల వారసత్వాన్ని తగ్గించకుండా ఉండాలంటే ఫ్లోరిడాకో న్యూ హాంప్‌షైర్‌కో తరలిపోవాలా, ఇక్కడే ఉండి, ఆస్తిని కుటుంబం కోసం వేరుగా ఉంచే ట్రస్టు రాసుకోవాలా? 2023 నుంచి మినహాయింపు (పన్ను పడని మొత్తం) 20 లక్షల డాలర్లకు పెరిగినా, ఇల్లు, 401కె అనే పదవీ విరమణ పొదుపు, జీవిత బీమా కలిపి లెక్కిస్తే ఇద్దరూ ఉద్యోగాలు చేసిన కుటుంబం ఆ పరిమితిని తేలికగానే దాటుతుంది.

ఆ రెండు రాష్ట్రాల్లోనూ ఎస్టేట్ పన్ను లేదు కాబట్టి తరలిపోవడం సులువైన మార్గంగా కనిపిస్తుంది. అయితే ఇక్కడి ఇల్లు అమ్మకుండా ఉంచుకుంటే, దాని విలువ నిష్పత్తిలో పన్ను ఇక్కడే కట్టవలసి రావచ్చు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, దంపతుల్లో మిగిలినవారు చివరి రోజులు ఎక్కడ గడుపుతారన్నది. 2020లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు దీన్నే తేల్చింది. న్యూయార్క్ నివాసి ఒకరు 1993లో మరణిస్తూ భార్య కోసం ట్రస్టు ఏర్పాటు చేశారు; ఆ ఆస్తి మీద పన్ను, సమాఖ్య చట్టం ప్రకారం, ఆమె మరణం వరకు వాయిదా పడింది. ఆమె 2011లో మసాచుసెట్స్ నివాసిగా కన్నుమూశారు. ట్రస్టు పుట్టింది వేరే రాష్ట్రంలో కదా అన్న వారసుల వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. ఆ ఆస్తిపైనా ఈ రాష్ట్రం పన్ను వేయవచ్చని తీర్పు చెప్పింది. మన ఇళ్లలో భర్త పోయాక తల్లిని కూతురో కొడుకో తమ దగ్గరికి తెచ్చుకోవడం సహజం. ఆ పిల్లలు ఇక్కడే ఉంటే, ఫ్లోరిడాకు తరలిన ప్రయోజనం ఆ ఒక్క ప్రయాణంతో పోతుంది.

అందుకే మేము ట్రస్టునే ఎంచుకున్నాము. ఇది పన్నును వాయిదా వేసే ట్రస్టు కాదు. మొదట పోయినవారి మినహాయింపును అప్పుడే వాడుకొని, ఆ వాటాను రెండోవారి ఎస్టేట్‌కు వెలుపల ఉంచేది. ఇక్కడ భార్యాభర్తల మినహాయింపు ఒకరి నుంచి మరొకరికి బదిలీ కాదు. 40 లక్షల డాలర్లు మొత్తంగా రెండోవారికి చేరితే, వారి తదనంతరం పన్ను 1,80,800 డాలర్లు; చెరి సగం చొప్పున ముందే విడదీసుకుంటే సున్నా.

బతికుండగానే పిల్లలకు ఇచ్చేయవచ్చు. కానీ మనం కొన్న పాత ధరే వారికీ కొనుగోలు ధరగా సంక్రమించి, అమ్మేటప్పుడు లాభం మీద పన్ను పెరుగుతుంది.

ట్రస్టు పత్రం ఒక్కటే రాసుకొని ఊరుకోకూడదు. మా ఇంటి దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉమ్మడిగా ఉండడం వల్ల, ఒకరు పోగానే ఇల్లంతా రెండోవారికే చేరేది, ట్రస్టుకు ఏమీ మిగిలేది కాదు. ఎవరి సగం వారిదని కొత్త దస్తావేజు రాయించి వూస్టర్ రిజిస్ట్రీలో నమోదు చేయించిన తరువాతే ఆ పత్రానికి పని దొరికింది.