కెమిస్ట్రీ పీహెచ్‌డీ: అమెరికా అడ్మిషనా, జర్మనీ కాంట్రాక్టా?

ఎమ్మెస్సీ ఆర్గానిక్ పూర్తి చేసి, జీడిమెట్లలోనో పాశమైలారంలోనో ఫార్మా ఆర్ అండ్ డీలో ఒకటి రెండేళ్లు పనిచేసినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. చేతి డబ్బు పెట్టకుండా బయట పీహెచ్‌డీ చేయాలంటే అమెరికా మేలా, జర్మనీ మేలా? రెండు చోట్లా ట్యూషన్ కట్టక్కర్లేదనీ, నెలనెలా డబ్బు చేతికొస్తుందనీ తెలిసిందే. దాంతో చాలామంది డాలర్లూ యూరోలూ పక్కపక్కన రాసుకుని తూకం వేస్తుంటారు. నేనైతే దానికన్నా ముందు ఇంకో ప్రశ్న అడగమంటాను: రెండో ఏడాదిలో గైడ్‌తో చెడినా, ఆయన గ్రాంటు అయిపోయినా మీ జీతం ఎవరిస్తారు?

అమెరికాలో కెమిస్ట్రీకి ఈ విషయంలో ఒక సౌలభ్యం ఉంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలు జనరల్ కెమిస్ట్రీ చేయాలి, మెడిసిన్ వైపు వెళ్లేవాళ్లు ఆర్గానిక్ కూడా చేయాలి. పెద్ద స్టేట్ యూనివర్సిటీల్లో వందల మందితో నడిచే ఆ ల్యాబులను చూసుకునేది పీహెచ్‌డీ విద్యార్థులే. వారానికి 20 గంటలకు మించని ఆ టీచింగ్ అసిస్టెంట్ (టీఏ) పనికి బదులుగా ట్యూషన్ మాఫీ, స్టైపెండ్, చాలాచోట్ల ఆరోగ్య బీమా ఇస్తారు. మిమ్మల్ని చేర్చుకునేది ఒక ప్రొఫెసర్ కాదు, డిపార్ట్‌మెంటు. మొదటి సెమిస్టర్లో ప్రొఫెసర్లు తమ పని గురించి చెబుతారు, మీరు నలుగురైదుగురితో మాట్లాడి ల్యాబ్ ఎంచుకుంటారు. తర్వాత గైడ్ గ్రాంటు ఎండిపోతే తిరిగి టీఏకి వెళ్తారు. ఆయన వేరే యూనివర్సిటీకి వెళ్లిపోతే మరో ల్యాబులో చేరతారు. ఒక ఏడాది వెనకబడొచ్చు గానీ సాధారణంగా జీతం ఆగదు.

అయితే ఆఫర్ లెటర్‌ను ప్రతి వాక్యం ఆగి చదవాలి. ఐదేళ్ల హామీ ఉందా, మొదటి ఏడాదికేనా? స్టైపెండ్ 9 నెలలకా, 12 నెలలకా? 9 నెలలకైతే వేసవిలో ఎవరిస్తారు? మాఫీ అయ్యేది ట్యూషనేనా, స్టూడెంట్ ఫీజులు కూడానా? ఈ ఫీజులు చాలాచోట్ల ఏడాదికి 1,000 నుంచి 2,000 డాలర్లు, అవి మీ స్టైపెండ్ నుంచే పోతాయి. కెమిస్ట్రీ స్టైపెండ్లు ఎక్కువగా ఏడాదికి 28,000 నుంచి 42,000 డాలర్ల మధ్య ఉంటాయి. చిన్న ఊళ్లో 30,000 డాలర్లతో బతకడం, బోస్టన్‌లో 40,000 డాలర్లతో బతకడం కన్నా తేలిక. హామీకి షరతు కూడా ఉంటుంది: జీపీఏ (4కు లెక్కించే సగటు గ్రేడు) 3.0 తగ్గకూడదు, కొన్నిచోట్ల విడతలుగా పెట్టే క్యుములేటివ్ పరీక్షలు గట్టెక్కాలి, రెండో ఏడాదిలోనో మూడో ఏడాది మొదట్లోనో పీహెచ్‌డీ కొనసాగించే అర్హత తేల్చే క్యాండిడసీ పరీక్ష పాసవ్వాలి. అది తప్పితే ఎమ్మెస్ పట్టాతో బయటికి పంపుతారు.

మనవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది టోఫెల్ ఇంగ్లిష్ పరీక్షలో, అదీ స్పీకింగ్‌లో. మొత్తం స్కోరు బాగానే ఉన్నా, టీఏ పని ఇవ్వాలంటే స్పీకింగ్‌కు వేరే కనీస స్కోరు అడిగే డిపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. అది లేకపోతే అడ్మిషన్ వచ్చినా ఫండింగ్ దగ్గర చిక్కు వస్తుంది. కాబట్టి ప్రతి డిపార్ట్‌మెంట్ పేజీలో టీఏ అర్హత విడిగా చూసుకోండి. జీఆర్‌ఈని చాలా కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్లు తీసేశాయి. మీ జాబితాలో అడిగేవాళ్లు లేకపోతే దానికి డబ్బు తగలేయకండి. దరఖాస్తు రుసుము ఒక్కోచోట 75 నుంచి 125 డాలర్లు. ఎనిమిదింటికి వేస్తే 50 వేల రూపాయల పైమాటే. అందుకే రుసుము మాఫీ చేస్తారా అని గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు ముందే మెయిల్ పెట్టండి, అడిగినవాళ్లకు ఇచ్చే చోట్లున్నాయి. ఇంకో మాట: ముందు ఎమ్మెస్‌లో చేరి తర్వాత పీహెచ్‌డీకి మారదామనే ఆలోచన వద్దు. ఎమ్మెస్‌కు సాధారణంగా ఫండింగ్ ఉండదు, ఆ అప్పు మొత్తం మీ మీద పడుతుంది.

2025లో ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) గ్రాంట్లు చాలా నిలిచిపోవడంతో కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. ఆ దెబ్బ ముందు తగిలేది గైడ్ గ్రాంటు మీద నడిచే రీసెర్చ్ అసిస్టెంట్లకు. టీఏ డబ్బు ప్రధానంగా యూనివర్సిటీ సొంత బడ్జెట్‌ది. అండర్‌గ్రాడ్యుయేట్లు ఉన్నంతకాలం ల్యాబులు నడపక తప్పదు. పేరు మోసిన రీసెర్చ్ సంస్థల పక్కన రెండు మూడు పెద్ద స్టేట్ యూనివర్సిటీలను జాబితాలో పెట్టమనేది ఇందుకే.

జర్మనీలో లెక్క వేరు. అక్కడ పీహెచ్‌డీ అంటే ఉద్యోగం, మీ ప్రొఫెసరే మీ పై అధికారి. ప్రకటనలో ఇ13 (ప్రభుత్వ జీతాల పట్టికలో ఒక గ్రేడు) అనీ, పక్కన పూర్తి జీతంలో ఎంత ఇస్తారో చెప్పే 50 శాతం, 65 శాతం అనీ ఉంటుంది. 2025లో ఇ13 మొదటి మెట్టు పూర్తి జీతం నెలకు దాదాపు 4,600 యూరోలు. కెమిస్ట్రీలో సాధారణంగా ఇచ్చేది అందులో సగం నుంచి మూడింట రెండు వంతుల వరకు. పన్ను, బీమాలు పోగా ఒంటరివాళ్లకు 50 శాతంలో 1,600 యూరోలకు అటూ ఇటూ, 65 శాతంలో 2,000కు అటూ ఇటూ చేతికొస్తాయి. కాంట్రాక్టులో సగం అని రాసినా ల్యాబులో ఉండేది మాత్రం రోజంతా. ట్యూషన్ ఉండదు, సెమిస్టర్ రుసుము కొన్ని వందల యూరోలే.

ఇక్కడ తలుపు దగ్గరే రెండు వడపోతలున్నాయి. మొదటిది మార్కుల మార్పిడి. గరిష్ఠ మార్కు నుంచి మీ మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠ మార్కుకూ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలపాలి. పాస్ మార్కు 40 అయితే 75 శాతం 2.25 అవుతుంది, 65 శాతం 2.75 అవుతుంది. జర్మనీలో అంకె తగ్గేకొద్దీ మంచి గ్రేడు. 2.5 దాటితే ఒప్పుకోని ఫ్యాకల్టీలున్నాయి. మీ డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ పేరు, విదేశీ యూనివర్సిటీల గుర్తింపును చూపే జర్మనీ అనాబిన్ జాబితాలో హెచ్ ప్లస్‌గా (అంటే గుర్తింపు ఉన్నదిగా) ఉందో లేదో కూడా చూడాలి. మీరు చదివిన కాలేజీ పేరు కాదు, పట్టా ఇచ్చిన యూనివర్సిటీ పేరు వెతకండి.

రెండోది మరీ కష్టం: మాస్టర్స్ థీసిస్. జర్మన్ విద్యార్థి ఆరు నెలలు ల్యాబులో కూర్చుని థీసిస్ రాసి వస్తాడు. మన అఫిలియేటెడ్ కాలేజీల్లో చాలామందికి నెల రోజుల ప్రాజెక్టు తప్ప ఏమీ ఉండదు. ఈ లోటును ఫార్మా అనుభవం కొంత పూడుస్తుంది, కానీ చెప్పే పద్ధతిలో చెప్పాలి. గోప్యత ఒప్పందం వల్ల స్ట్రక్చర్లు గీయలేరు కాబట్టి ఎన్ని స్టెప్పులు, ఏ రియాక్షన్లు, ఎన్ని గ్రాముల నుంచి ఎన్ని కిలోలకు స్కేలప్, కాలమ్ క్రోమటోగ్రఫీ లేకుండా ఎలా ప్యూరిఫై చేశారు, ఎన్ఎంఆర్ స్పెక్ట్రా మీరే చదివారా అన్నవి రాయండి. ప్రొఫెసర్‌కు పంపే మెయిల్ పది లైన్లు దాటొద్దు. సీవీ, మార్కుల జాబితా, చేసిన పని గురించి ఒక పేజీ, మూడూ ఒకే పీడీఎఫ్‌గా పెట్టండి. జవాబులో “సొంత ఫెలోషిప్‌తో వస్తే చూద్దాం” అంటే ఆయన దగ్గర డబ్బు లేదని అర్థం.

ఇక మొదట్లో అడిగిన ప్రశ్న: గైడ్‌తో చెడితే జీతం ఎవరిస్తారు? జర్మనీలో మీ జీతం చాలావరకు ఆ ఒక్క ప్రొఫెసర్ ప్రాజెక్టుకు కట్టి ఉంటుంది. మామూలుగా మూడేళ్ల కాంట్రాక్టు, అందులో మొదటి ఆరు నెలలు ప్రొబేషన్. కొందరికి మొదట ఏడాదికే కాంట్రాక్టు ఇచ్చి పొడిగిస్తారు. ఆయనతో చెడితే పొడిగింపు ఉండదు, కొత్త గైడ్‌ను, కొత్త కాంట్రాక్టును మీరే వెతుక్కోవాలి, నివాస అనుమతి గడియారం తిరుగుతూనే ఉంటుంది. మూడేళ్లకు థీసిస్ పూర్తికాకపోతే నాలుగో ఏడాది డబ్బు ఎక్కడిదని ఇంటర్వ్యూలోనే అడగాలి. ఈ భయం తక్కువగా ఉండేది మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థలు నడిపే ఐఎంపీఆర్ఎస్ గ్రాడ్యుయేట్ స్కూళ్లలో. అక్కడ గైడ్‌తో పాటు ఒక సలహా కమిటీ మీ పనిని చూస్తుంటుంది. జర్మనీ వెళ్లాలనుకుంటే ముందు వాటికే వేయమంటాను.

మిగతా దారులు క్లుప్తంగా. యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కుల జీతం బాగుంటుంది. కానీ పోస్టు ఉన్న దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉన్నవాళ్లు దానికి అనర్హులు. బ్రిటన్‌లో యూకేఆర్ఐ (ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ) కనీస స్టైపెండ్ 2025-26కు 20,780 పౌండ్లు. ఆ సీట్లలో విదేశీయులకు 30 శాతం పరిమితి ఉంది, పైగా యూకేఆర్ఐ స్థానిక ఫీజు వరకే ఇస్తుంది, మిగతా తేడా మాఫీ చేస్తామని యూనివర్సిటీ రాసివ్వాలి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ భారత్‌లో ఇప్పటికే పీహెచ్‌డీలో ఉన్నవాళ్లకు, కొన్ని నెలలకే. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పీహెచ్‌డీకి కూడా వర్తిస్తుంది, కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు.

థీసిస్ లేని ఎమ్మెస్సీ, ఏ అంశం మీద పనిచేయాలో ఇంకా తేలని మనసు, పెళ్లి కాని వయసు అయితే నా ఓటు అమెరికాకే. ఐదారేళ్లు పడుతుంది, నిజమే. కానీ తప్పు గైడ్‌ను ఎంచుకున్నా దిద్దుకునే వీలుంది. పెళ్లయి, జీవిత భాగస్వామి కూడా ఉద్యోగం చేయాల్సిన పరిస్థితి అయితే జర్మనీ వైపు చూడండి. అమెరికాలో ఎఫ్-2 వీసా మీద వచ్చినవాళ్లు ఉద్యోగం చేయకూడదు, జర్మనీలో కుటుంబ వీసా మీద వచ్చినవాళ్లు చేయొచ్చు.

రెండింటికీ ఒకే ఏడాది వేస్తే తేదీలు ఢీకొంటాయి. అమెరికా దరఖాస్తు గడువులు ఎక్కువగా డిసెంబర్‌లో, వచ్చిన ఆఫర్‌ను ఒప్పుకునే చివరి రోజు చాలాచోట్ల ఏప్రిల్ 15. జర్మనీ ఆఫర్ ఫిబ్రవరిలోనే వచ్చి రెండు వారాల్లో జవాబు అడగొచ్చు. అప్పుడు ప్రొఫెసర్‌ను కాస్త గడువు అడుగుతూనే, అదే రోజు అమెరికా డిపార్ట్‌మెంట్లకు “చేతిలో ఒక ఆఫర్ ఉంది, నా దరఖాస్తు ఎంతవరకు వచ్చింది” అని మెయిల్ పెట్టండి. జర్మనీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాక మాత్రం మిగతావాటిని ఆ వారంలోనే వెనక్కి తీసుకోండి. మీ పేరు తీసేస్తేనే వెయిటింగ్ లిస్టులో ఉన్న మరొకరికి ఆ సీటు, ఆ ఫండింగ్ వెళ్తాయి.