హు గ, షియావో జాన్: ఎవరి దారి మేలు?

చైనా సీరియల్స్‌లో ఒక్క పాత్రతో స్టార్లయినవాళ్ళకు కొదవ లేదు. ఆ తర్వాత ఎలా నిలబడ్డారన్నదే నాకు ముఖ్యం. ఈ లెక్కన పోల్చి చూడాల్సిన ఇద్దరు నటులు హు గ, షియావో జాన్. ఇద్దరికీ పేరు తెచ్చింది కత్తులు, మాయలు కలిసిన కథే. ఇద్దరికీ మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది.

హు గది షాంఘై. అక్కడి థియేటర్ అకాడమీలో నటన నేర్చుకుని, 2005లో 'చైనీస్ పాలడిన్'తో అందరికీ తెలిశాడు. 2006 ఆగస్టులో కారు ప్రమాదం జరిగింది. అసిస్టెంట్ ప్రాణం పోయింది, హు గ ముఖానికి, మెడకు వందకు పైగా కుట్లు పడ్డాయి. అందమే పెట్టుబడి అనుకునే రంగంలో ఆ వయసు కుర్రాడికి అంతకన్నా పెద్ద కష్టం ఏముంటుంది!

షియావో జాన్ చోంగ్‌చింగ్‌లో డిజైన్ చదివాడు. టీవీ పోటీ నుంచి బాయ్ బ్యాండ్‌కి, అక్కడి నుంచి నటనకి వచ్చాడు. 2019లో 'ది అన్‌టేమ్డ్' అతన్ని ఆకాశానికెత్తింది. 2020 ఫిబ్రవరిలో, అతన్ని పాత్రగా పెట్టి ఎవరో ఆన్‌లైన్‌లో రాసిన ఒక కల్పిత కథ నచ్చక అతని అభిమానులు కొందరు ఫిర్యాదులు చేశారు. అలాంటి కథలుండే విదేశీ సైటు చైనాలో ఆగిపోయింది. ఆ సైటు పాఠకుల కోపమంతా అతని మీదికి మళ్ళింది. అతను ప్రచారం చేసే బ్రాండ్లను కూడా బహిష్కరించారు. చేయని తప్పుకి మోసిన నింద అది.

తర్వాత ఇద్దరూ ఒకే చోటికి వెళ్ళారు. స్టాన్ లై రాసిన, దాదాపు ఎనిమిది గంటలు సాగే 'ఎ డ్రీమ్ లైక్ ఎ డ్రీమ్' నాటకంలో అయిదో నంబరు రోగి పాత్రను 2013లో హు గ వేశాడు, 2021లో షియావో జాన్ వేశాడు. చేతినిండా అవకాశాలున్న స్టార్ రంగస్థలం మీద అంతసేపు నిలబడటానికి ఒప్పుకున్నాడంటే నాకు గౌరవం కలుగుతుంది.

ఇక అసలు పోలిక. 2015లో హు గ 'నిర్వాణ ఇన్ ఫైర్', 2025లో షియావో జాన్ 'ది లెజెండ్ ఆఫ్ జాంగ్ హాయ్'. రెండింటిలోనూ అన్నీ పోగొట్టుకున్న కొడుకు వేరే పేరుతో రాజధానికి వచ్చి, బుద్ధిబలంతో పగ తీర్చుకుంటాడు. ఇద్దరికీ అప్పుడు వయసు ముప్ఫై మూడు అటూఇటూ. షియావో జాన్ భయాన్ని, తెగింపును బాగా పలికించాడు. ఇంతవరకు అతని పనిలో నాకు బాగా నచ్చింది ఇదే. కానీ 'నిర్వాణ'లో హీరో మెయ్ చాంగ్‌సూగా హు గ చేసింది వేరే స్థాయి. ఆ పాత్ర కూడా ముఖం మారిపోయి తిరిగొచ్చినవాడే. గొంతు పెంచడు, ఆలోచనలో పడితే వేళ్ళతో బట్ట అంచు రుద్దుతాడు. పాత స్నేహితుడికి అనుమానం కలిగేది కూడా ఆ అలవాటు చూసే.

అందుకే నా ఓటు హు గకే. అంత పేరొచ్చాక కూడా చదువు కోసం పని తగ్గించుకున్నాడు. హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కార్-వై తీసిన 'బ్లాసమ్స్ షాంఘై' సీరియల్‌కి 2024లో, షాంఘై టీవీ ఉత్సవంలో ఇచ్చే మాగ్నోలియా ఉత్తమ నటుడి అవార్డు అందుకున్నాడు.

కొత్తగా చూసేవాళ్ళు మాత్రం 'జాంగ్ హాయ్'తోనే మొదలుపెట్టండి, మొదటి ఎపిసోడ్‌లోనే కథ పట్టేస్తుంది. 'నిర్వాణ'లో పేర్లు, పదవులు తలకెక్కడానికి నాలుగైదు ఎపిసోడ్లు ఓపిక పట్టాలి.