మీ చెస్ స్టైల్ చెప్తామనే పెయిడ్ రిపోర్టులు: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఆన్‌లైన్‌లో సరదాగా చెస్ ఆడే మనలాంటి వాళ్ల కోసమే ఒక కొత్త రకం సర్వీసు బయల్దేరింది. యూజర్‌నేమ్ ఇచ్చి డబ్బు కడితే మన పాత ఆటలన్నీ దించుకుని, మన ఆటతీరు ఏంటి, బలాలేంటి, ఎక్కడ మెరుగుపడాలి అంటూ రంగురంగుల పీడీఎఫ్ ఒకటి పంపిస్తారు. నేను కొన్నాను. డబ్బు పోయిందంటే సరే అనుకోవచ్చు. అందులో రాసింది నమ్మి ప్రాక్టీస్ మొదలుపెడితే ఉన్న ఆట కూడా చెడుతుంది, అదే ఒళ్లు మండిస్తోంది. అమ్మినవాళ్ల పేరు కావాలనే రాయడం లేదు. ఇలాంటివి ఒకటి మూసేస్తే ఇంకో పేరుతో మళ్లీ తెరుస్తారు కాబట్టి, వీళ్ల పద్ధతి ఎలా ఉంటుందో తెలిస్తేనే మీకు ఉపయోగం.

మొదటి పేజీలో ఏం రాశారో చూడండి. "మీరు సహజంగానే దూకుడుగా ఆడతారు. మీ ఆటలో మిఖాయిల్ తాల్ ఛాయలు కనిపిస్తున్నాయి. అయితే ఒత్తిడిలో అప్పుడప్పుడు తొందరపడతారు. ఎండ్‌గేమ్ మీద ఇంకాస్త దృష్టి పెడితే తర్వాతి స్థాయికి చేరుకుంటారు." ఎండ్‌గేమ్ అంటే పావులు బాగా తగ్గిపోయాక వచ్చే ఆట చివరి దశ. తాల్ అంటే 1960లో బొత్విన్నిక్‌ని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయినవాడు. పావులు ధారపోసి ఎదుటివాడి రాజు మీద పడిపోయే ఆట ఆయనది. ఆయన ఛాయలు మనలో ఉన్నాయంటే ఎవరికి చేదు? చదువుతుంటే హాయిగానే ఉంటుంది.

నాతో తరచూ ఆడే మిత్రుడొకడు కూడా అదే రిపోర్టు కొన్నాడు. వాడు తెల్లపావులతో లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే పద్ధతి) తప్ప ఇంకోటి ముట్టుకోడు. బంట్లని గోడలా పేర్చుకుని, నలభై ఎత్తుల దాకా ఏమీ తెంచకుండా ఎదుటివాడికి విసుగు పుట్టించి గెలిచే రకం. వాడి రిపోర్టు తెరిస్తే అందులోనూ తాలే! వాక్యాలు అక్షరం పొల్లు పోకుండా అవే. మారింది పైనున్న యూజర్‌నేమ్, కింద ఉన్న గ్రాఫులు, అంతే.

ఈ మాయ కొత్తదేం కాదు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్టు తన విద్యార్థులకి ఒక పరీక్ష పెట్టి, తర్వాత ఒక్కొక్కరికీ "నీ వ్యక్తిత్వం ఇదీ" అని ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో మార్కులు వేయమంటే సగటున 5కి 4 పైనే వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. "ఒత్తిడిలో అప్పుడప్పుడు తొందరపడతారు" అన్నది గడియారం పెట్టుకుని ఆడే ఏ మనిషికి వర్తించదో చెప్పండి. "ఎండ్‌గేమ్ మీద దృష్టి పెట్టాలి" అన్నదైతే గ్రాండ్‌మాస్టర్లకి కూడా వర్తిస్తుంది.

పొగడ్తలతో ఆగిపోతే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. అసలు నష్టం తప్పు రోగనిర్ధారణ దగ్గరుంది.

నన్ను దూకుడు ఆటగాడిగా ఎలా తేల్చారయ్యా అని చూస్తే, ఒక గ్రాఫు ఉంది. నా ఆటల్లో మంత్రులు బోర్డు మీద చాలాసేపు ఉంటున్నాయి, మార్పిడి ఆలస్యంగా జరుగుతోంది. లెక్క నిజమే. దాని అర్థం మాత్రం తలకిందులు. తర్వాత నాకంటే బాగా ఆడే ఒకాయన నాతో కూర్చుని అవే ఆటలు చూశారు. ఒక ఆటలో నాకు ఒక గుర్రం ఎక్కువ ఉంది. ఎదుటివాడు మంత్రుల్ని మార్చుకుందామని తనంతట తానే దారి ఇచ్చాడు. మార్చేసుకుంటే అవతలివాడికి మిగిలేది ఓటమే. నేను నా మంత్రిని పక్కకి తప్పించాను. "ఇక్కడ ఎందుకు మార్చలేదు?" అని ఆయన అడిగితే ఆలోచించి చెప్పాను, మంత్రులు పోతే ఎండ్‌గేమ్ వస్తుంది, ఎండ్‌గేమ్ అంటే నాకు బెరుకు. మిగతా ఆటల్లోనూ అదే కథ. రిపోర్టు దూకుడు అన్నది కాస్తా భయమని తేలింది. "మీ దూకుడుకి తగ్గట్టు గాంబిట్లు నేర్చుకోండి" అని రిపోర్టులో ఒక సలహా కూడా ఉంది. గాంబిట్ అంటే మొదట్లోనే బంటునో పావునో వదులుకుని దాడికి దిగే ఓపెనింగ్. ఆ సలహా పాటిస్తే ఎండ్‌గేమ్ నుంచి ఇంకా దూరంగా పారిపోవడానికి నాకొక కొత్త దారి దొరికేది. ఏం చేశామో లెక్కలు చెప్తాయి. ఎందుకు చేశామో మనల్ని అడిగితేనే తెలుస్తుంది, వీళ్లు అడగరు.

ఇక ఎండ్‌గేమ్ సంగతి. మొదటి పేజీలో దాని మీద దృష్టి పెట్టమన్నవాళ్లే లోపలి పేజీలో "ఎండ్‌గేమ్ ఖచ్చితత్వం 92 శాతం, ఇది మీ ప్రధాన బలం" అని ఆకుపచ్చ రంగులో రాశారు. రాసినవాళ్లు తమ రిపోర్టు తామే చదవలేదన్నమాట. ఆ 92 ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకుంటే మీకూ పనికొస్తుంది. ఇంజిన్, అంటే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్, మన ప్రతి ఎత్తునీ తన ఎత్తుతో పోల్చి, ఎంత కోల్పోయామో సెంటీపాన్‌లలో కొలుస్తుంది. ఒక సెంటీపాన్ అంటే బంటు విలువలో నూరో వంతు. ఈ ఖచ్చితత్వం శాతాలన్నీ ఇలాంటి తేడాల నుంచే పుడతాయి. ఒక రూక్ (ఏనుగు) ఎక్కువ ఉండగా ఎండ్‌గేమ్‌లోకి వెళ్లామనుకోండి, అక్కడ దాదాపు ఏ ఎత్తు వేసినా గెలుపే, కాబట్టి శాతం పైకి పోతుంది. పది తేలిక ఎండ్‌గేమ్‌ల మార్కులు కలిపి సగటు తీస్తే, కష్టమైన ఒక్కదాంట్లో చేతులెత్తేసిన సంగతి కనపడకుండా పోతుంది.

ఆ కష్టమైన ఆట కూడా రిపోర్టులో ఉంది. నేను నల్లపావులు. నాకు రూక్, ఎదుటివాడికి రూక్‌తో పాటు డీ ఫైల్‌లో (నిలువు వరుసలో) ఒక బంటు. నా రాజు బంటుకి ఎదురుగా చివరి వరుసలోనే ఉంది. ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ 18వ శతాబ్దంలోనే చూపించిన డ్రా ఇది. మన రూక్‌ని మన వైపు నుంచి మూడో వరుసలో అడ్డంగా పెట్టాలి, అప్పుడు అవతలి రాజు ముందుకు రాలేదు. బంటు ఆ వరుసలోకి అడుగుపెట్టగానే మన రూక్ బోర్డు అవతలి చివరికి వెళ్లి వెనక నుంచి చెక్కులు ఇస్తుంది. బంటు ముందుకు వచ్చేసింది కాబట్టి ఆ రాజుకి దాని చాటున దాక్కునే వీలుండదు. ఆటలో నేను రూక్‌ని చివరి వరుసకి లాగి కాపలా పెట్టాను. మధ్య ఫైల్ బంటు మీద అలా ముడుచుకుని కూర్చుంటే రాజు, బంటు రెండూ కలిసి మీదికి వచ్చేస్తాయి, ఓటమి తప్పదు. దీని గురించి రిపోర్టులో రాసింది మొత్తం ఇదే: "బ్లండర్. ఇంజిన్ సూచన: రూక్ ఏ6." ఏ6 అంటే నేను పైన చెప్పిన ఆ మూడో వరుసలోని గడే. ఎందుకు ఏ6? ఆ ఎత్తు వెనకున్న పద్ధతి పేరేంటి? ఒక్క ముక్క లేదు. ఫిలిడోర్ అనే పేరొక్కటి రాసి ఉన్నా కట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది.

ఓపెనింగుల పేజీ గురించి క్లుప్తంగా చెప్తాను. ఓపెనింగు పేరు, పక్కన గెలుపు శాతం. నల్లపావులతో స్కాండినేవియన్‌లో ఎక్కువ ఓడానట, కాబట్టి మానేసి కారో-కాన్ మొదలుపెట్టమన్నారు. అందుకు వాళ్ల దగ్గరే ఒక కోర్సు ఉందట, విడిగా డబ్బు కట్టాలి. ఓడిన ఆ ఆటలు తిరగేస్తే పదిహేనో ఎత్తు దగ్గర అన్నీ దాదాపు సమానంగానే ఉన్నాయి. కొన్ని టైమ్ అయిపోయి పోయాయి, మిగతావి ఎండ్‌గేమ్‌లో పోయాయి. స్కాండినేవియన్ చేసిన పాపం ఏమీ లేదు.

టైమ్ అన్నాను కదా, దాన్ని వీళ్లు అసలు పట్టించుకోలేదు. మనం దించుకునే పీజీఎన్ ఫైల్లో (ఆటలోని ఎత్తులన్నీ రాసి ఉండే ఫైలు) ప్రతి ఎత్తు పక్కనా గడియారంలో ఎంత మిగిలిందో రాసి ఉంటుంది. పది నిమిషాల ఆటల్లో నేను ఏమీ జరగని ప్రశాంతమైన పొజిషన్లలో, పన్నెండో ఎత్తుకీ ఇరవయ్యో ఎత్తుకీ మధ్య, సగం టైమ్ తగలేస్తున్నాను. అసలు గొడవ మొదలయ్యేసరికి చేతిలో నిమిషం, నిమిషంన్నర. "తొందరపడతారు" అని రిపోర్టు అన్నది ఆ చివరి ఎత్తుల్ని చూసి. తొందర అక్కడ కనిపిస్తోంది, దానికి కారణం అంతకుముందు చేసిన నిదానం. మామూలు స్ప్రెడ్‌షీట్‌లో కూడా దొరికిపోయే సంగతి ఇది.

వివరణలన్నీ మనుషులు రాసినవి కావని నాకు పూర్తిగా తెలిసింది మాత్రం ఒక్క వాక్యంతో. "ఇక్కడ గుర్రాన్ని ఎఫ్5కి తెచ్చి ఉంటే డీ8లోని మంత్రిని, జీ7 బంటుని ఒకేసారి ఫోర్క్ చేసేవారు." బోర్డు తీసి చూడండి. ఎఫ్5లో ఉన్న గుర్రం జీ7ని కొడుతుంది, ఒప్పుకుంటాను. డీ8ని ఎలా కొడుతుంది? అది వెళ్లగలిగే గళ్లు డీ4, డీ6, ఈ3, ఈ7, జీ3, జీ7, హెచ్4, హెచ్6, అంతే. నిన్న గాక మొన్న ఆట నేర్చుకున్న పిల్లాడు కూడా ఈ తప్పు రాయడు. "మా గ్రాండ్‌మాస్టర్ల బృందం స్వయంగా పరిశీలిస్తుంది" అని అమ్మేటప్పుడు చెప్పిన మాట! ఏ గ్రాండ్‌మాస్టర్ చూశారో పేరు చెప్పమని మెయిల్ పెడితే "గోప్యతా కారణాల వల్ల చెప్పలేం" అన్నారు. టైటిల్ ఉన్నవాళ్ల పేర్లు అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. అందులో గోప్యత ఏముందో నాకైతే అర్థం కాలేదు.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు దండగ వ్యవహారం. ఇకనుంచి చెప్పేది నిజంగా ప్రమాదం, దయచేసి జాగ్రత్తగా చదవండి.

రిపోర్టు వచ్చాక "లోతైన విశ్లేషణ కోసం" అంటూ నా అకౌంట్ పాస్‌వర్డ్ అడిగారు. ఇవ్వలేదు, మీరూ ఇవ్వకండి. లీచెస్‌లో గానీ చెస్.కామ్‌లో గానీ మనం ఆడిన ఆటలు ఎవరైనా చూడగలరు, యూజర్‌నేమ్ ఒక్కటి తెలిస్తే చాలు దించుకోగలరు. పాస్‌వర్డ్‌తో చేసే విశ్లేషణ అంటూ ఏదీ లేదు. ఆ తర్వాత ఇంకో ఆఫర్ వచ్చింది, "ఆడుతుండగానే సూచనలిచ్చే అసిస్టెంట్". ఇది శుద్ధ మోసం. లైవ్ ఆటలో ఇంజిన్ సాయం తీసుకోవడం ఈ సైట్లన్నిటిలో నిషేధం, పట్టుబడితే అకౌంట్ పోతుంది. అప్పుడు "వాళ్లే అమ్మారండీ" అంటే వినేవాడు ఉండడు.

వాళ్ల ప్రచారంలో కనిపించే రేటింగ్ గ్రాఫులకి కూడా పడిపోకండి. ఈ సైట్లలో రేటింగ్ గ్లికో పద్ధతిలో లెక్కిస్తారు. కొత్త అకౌంట్ మీద సిస్టమ్‌కి నమ్మకం తక్కువ కాబట్టి మొదటి ఆటల్లో రేటింగ్ ఒక్కో గెలుపుకీ ఎగిరి గంతేస్తుంది. బాగా ఆడేవాడు కొత్త అకౌంట్ తెరిస్తే నాలుగు రోజుల్లో నిచ్చెనలాంటి గ్రాఫు వస్తుంది, అది కోచింగ్ మహిమ అనుకోకండి. ఇంకో చిత్రం కూడా చూశాను. "ముందు" అన్న చోట ఒక సైట్ బ్లిట్జ్ (చాలా తక్కువ టైమ్ ఆటలు) రేటింగ్, "తర్వాత" అన్న చోట ఇంకో సైట్ రాపిడ్ (కాస్త ఎక్కువ టైమ్ ఆటలు) రేటింగ్ పెట్టారు. ఆ రెండూ వేరు వేరు కొలతలు. లీచెస్‌లో కొత్తగా చేరినవాళ్లందరికీ మొదలే 1500. అక్కడి అంకెని ఇంకోచోట అంకెతో పోల్చి పెరిగిందనడం దగా.

అయినా సరే మన ఆట మీద ఒక రిపోర్టు కావాలి అనిపిస్తే, అందులో సగం ఉచితంగానే దొరుకుతుంది. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ ఉచితం, సోర్స్ కోడ్‌తో సహా. లీచెస్‌లో ఆట అయ్యాక విశ్లేషణ అడగొచ్చు, మన తప్పు వచ్చిన చోట ఆగి సరైన ఎత్తు మనల్నే కనుక్కోమనే సదుపాయం ఉంది. ఇన్‌సైట్స్ అనే పేజీలో ఏ దశలో, ఏ ఓపెనింగ్‌లో, ఎంత టైమ్ తీసుకున్నప్పుడు తప్పులు జరుగుతున్నాయో మనమే చూసుకోవచ్చు. నేను కొన్న పీడీఎఫ్‌లోని గ్రాఫులన్నీ, ఒక్కటి కూడా మిగలకుండా, అక్కడ ఉన్నాయి. దొరకని ఆ రెండో సగం మనిషి చెయ్యాల్సిందే. నేను చెప్పిన పెద్దాయన చూసింది మహా అయితే మూడు నాలుగు ఆటలు. మంత్రి మార్పిడి సంగతి కాక ఆయన పట్టుకున్నది ఇంకోటుంది. ఎదుటివాడి బిషప్ వెనక్కి జరిగి దాడి చేసే ఎత్తులు నాకు కనపడవు. ముందుకు వచ్చేవన్నీ చూస్తాను, వెనక్కి తగ్గేదాన్ని లెక్కలోంచి తీసేస్తాను. నా బలం కూడా ఆయనే చెప్పారు. ఒక పావు తక్కువైనా ఆట వదలకుండా ఎదుటివాడి ముందు ఒక్కో ఎత్తుకీ కొత్త సమస్య పెడతానట. ఈ రెండూ రిపోర్టులో లేవు, నా మిత్రుడి రిపోర్టులోకి అతికించడానికి కుదరవు కూడా.

కాబట్టి ఎవరికైనా డబ్బు కట్టే ముందు మీరు ఓడిన ఒక ఆట పంపించి, "ఇందులో నేను ఏ ఎత్తు దగ్గర తప్పుగా ఆలోచించాను, ఆ సమయంలో నా గడియారంలో ఎంత ఉంది, నా ఉద్దేశం ఏమై ఉంటుంది?" అని అడగండి. నిజంగా ఆట తెలిసిన కోచ్ అయితే సమాధానం చెప్తాడు, లేదంటే "మీరేమనుకుని ఆడారు?" అని తిరిగి అడుగుతాడు. శాంపిల్ రిపోర్టు కూడా అడగండి, ఒకటి కాదు, ఇద్దరు వేరు వేరు ఆటగాళ్లవి. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే చాలు. నేను కొన్న చోట శాంపిల్‌గా ఒక్కటే చూపించారు, రెండోది అడిగితే ఆఫర్ ఇవాళ్టితో ఆఖరని టెన్షన్ పెట్టారు.

రీఫండ్ అడిగాను. "డిజిటల్ వస్తువు కాబట్టి తిరిగి ఇవ్వం" అని ఒకసారి, "మీ కేసు పరిశీలనలో ఉంది" అని ఒకసారి జవాబిచ్చారు. ఎఫ్5 గుర్రం వాక్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపితే అప్పట్నుంచి ఉలుకూ పలుకూ లేదు. కార్డు ఇచ్చిన బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను, అమ్మేటప్పుడు చెప్పిన మాటల స్క్రీన్‌షాట్లు జతచేశాను. మీరూ ఇలాంటిది కొనేసి ఉంటే వాళ్ల ప్రకటన పేజీని ముందు భద్రం చేసుకోండి. నేను ఫిర్యాదు పెట్టిన తర్వాత వాళ్ల పేజీలో "గ్రాండ్‌మాస్టర్ల బృందం" అన్న మాట మాయమైపోయింది.